పులికాట్ సరస్సు ప్రాంతంలో శీతాకాల పక్షి వీక్షణ

పులికాట్ సరస్సు ప్రాంతంలో శీతాకాల పక్షి వీక్షణ అనగా ఆంధ్ర ప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న పులికాట్ ఉప్పునీటి సరస్సు, దానికి సమీపంలోని నేలపట్టు చెరువు, వాటి పరిసరాలలో ప్రతి సంవత్సరం సుమారుగా అక్టోబరు నుండి మార్చి వరకు సాగే పక్షుల పరిశీలన. పులికాట్ భారతదేశంలో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. ఇక్కడ ఫ్లెమింగోలు (రాజహంసలు), బాతులు, ఉల్లంకి జాతి పక్షులు వేల సంఖ్యలో ఆహారం కోసం చేరుతాయి. నేలపట్టులో గూడబాతులు, ఇతర నీటిపక్షులు చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. ఒకే రోజున సముద్రతీరపు పక్షులను, మంచినీటి చెరువు పక్షులను చూడగలగడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. ఇక్కడికి ఎన్ని పక్షులు వస్తాయి, ఎక్కడ వాలుతాయి, ఎంతకాలం ఉంటాయి అన్నవి ప్రధానంగా నీటి లోతుపై ఆధారపడి ఉంటాయి. అందువలన పక్షి వీక్షకులు వ్రాసుకొనే లెక్కలు సరస్సు స్థితిని తెలిపే ఆధారాలు కూడా అవుతున్నాయి.

భౌగోళిక స్వరూపం

పులికాట్ సరస్సును బంగాళాఖాతం నుండి శ్రీహరికోట దీవి వేరు చేస్తున్నది. సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం ఈ దీవిలోనే ఉన్నది. సరస్సు ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కి.మీ. పొడవున వ్యాపించి ఉన్నది. ఇందులో ఎక్కువ భాగం ఆంధ్ర ప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొస తమిళనాడులోనూ ఉన్నాయి. సరస్సు సగటు లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. కాళంగి, ఆరణి నదులు ఇందులో కలుస్తాయి. స్వర్ణముఖి నది నీరు ఉత్తరపు కొసను చేరుతుంది. సముద్రపు నీరు ముఖద్వారాల గుండా లోనికి వచ్చి పోతూ ఉంటుంది. వీటిలో రాయదొరువు, తూపిలిపాళెం వద్దనున్నవి ఆంధ్ర ప్రదేశ్ వైపు, పళవేర్కాడు వద్దనున్నది తమిళనాడు వైపు ఉన్నాయి.

సరస్సులోని ఆంధ్ర ప్రదేశ్ భాగాన్ని 1976లోనూ, తమిళనాడు భాగాన్ని 1980లోనూ పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం కూడా 1976లో ఏర్పడింది. దాని వైశాల్యం 458.92 హెక్టార్లు. సూళ్ళూరుపేట, దొరవారిసత్రం మండలాలు పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇవి తిరుపతి జిల్లాలో చేరాయి.

ఋతువు, నీటిమట్టం

ఈ తీరానికి ఎక్కువ వర్షం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వలన కురుస్తుంది. ఆ వర్షాలకు చెరువులు నిండుతాయి, నదుల నుండి మంచినీరు సరస్సులోనికి చేరి ఉప్పదనం తగ్గుతుంది. జనవరి నుండి వానలు వెనుకబడి, నీరు మెల్లగా తీస్తుంది. ఎండాకాలంలో సరస్సులో చాలా భాగం ఎండిపోయి బురదనేలగాను, ఉప్పుపర్రగాను మారుతుంది. మిగిలిన నీటి ఉప్పదనం సముద్రపు నీటిని మించిపోవడం కూడా కలదు.

పక్షుల రాకపోకలకు ఈ క్రమమే మూలం. వర్షాలు ముగిసిన వెంటనే సరస్సు నిండుగా ఉన్నపుడు ఫ్లెమింగోలు అంచులలోని పల్లపు ప్రదేశాలకే పరిమితమౌతాయి. నీరు తీసే కొద్దీ అవి సరస్సు నడిమికి విస్తరిస్తాయి. చిన్న ఉల్లంకులకు అంగుళం, రెండంగుళాల నీరు లేదా తడిబురద చాలు. ఈదుతూ మేసే బాతులకు అంతకంటె ఎక్కువ నీరు కావాలి. కనుక నీరు ఒకే లోతున ఉండే చెరువుకంటె, మెల్లగా తీస్తూ పోయే సరస్సు ఎక్కువ జాతులకు ఆశ్రయమిస్తుంది. వర్షాలు తప్పిన సంవత్సరంలో సరస్సు ముందుగానే ఎండి, నేలపట్టు చెరువు నిండక, రెండు చోట్లా పక్షులు తగ్గుతాయి.

కనిపించే పక్షులు

ఇక్కడ శీతాకాలంలో కనిపించే నీటిపక్షులన్నిటినీ సామాన్యంగా "సైబీరియా పక్షులు" అని పిలవడం కలదు. ఇది సరి కాదు. ఈ పక్షులను మూడు రకాలుగా చెప్పవచ్చును.

దూరదేశపు వలస పక్షులు: ఇవి వేసవిలో మధ్య ఆసియా, సైబీరియా, ఉత్తర ధ్రువ ప్రాంతాలలో గుడ్లు పెట్టి, అక్కడి చలికి ఆహారం దొరకక దక్షిణానికి వస్తాయి. సూదితోక బాతు, షవలర్, గార్గనీ బాతులు, నల్లతోక గాడ్విట్, లిటిల్ స్టింట్, కర్లూ శాండ్‌పైపర్, గోధుమతల గల్ ఈ కోవకు చెందుతాయి. ఇవి ఇక్కడ గూళ్ళు కట్టవు. వీటి ప్రయాణమార్గాన్ని మధ్య ఆసియా వలస మార్గం అంటారు.

దక్షిణాసియాలోనే తిరిగే పక్షులు: గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ, తెల్ల కంకణం, తెడ్డుమూతి కొంగ మొదలైనవి వర్షాన్నిబట్టి, చేపల లభ్యతనుబట్టి దేశంలోనే ఒక చోటి నుండి మరొక చోటికి మారుతుంటాయి. నేలపట్టులో పిల్లలను పెంచేవి ప్రధానంగా ఈ రకపు పక్షులే. ఇవి సైబీరియా నుండి వచ్చేవి కావు.

ఫ్లెమింగోలు: పులికాట్‌లో ఎక్కువగా కనిపించేది పెద్ద ఫ్లెమింగో. చిన్న ఫ్లెమింగోలు తక్కువ సంఖ్యలో కనిపిస్తాయి. భారతదేశంలో వీటి ప్రధాన సంతానోత్పత్తి స్థలం గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతం. పులికాట్ వాటికి ముఖ్యంగా మేత స్థలం.

ఫ్లెమింగో తలను నీటిలో తలక్రిందులుగా ముంచి, కాళ్ళతో బురదను కలియబెట్టి, ముక్కు అంచులలో ఉండే జల్లెడ వంటి నిర్మాణంతో నీటిని వడకట్టి చిన్నచిన్న జీవులను, నాచును తింటుంది. దాని గులాబి రంగు ఆహారంలోని కెరోటినాయిడ్ల వలన కలుగుతుంది. పిల్లపక్షులు బూడిద రంగులో ఉండి, కొన్ని సంవత్సరాలకు గాని పూర్తి రంగు పొందవు. కనుక గుంపులో బూడిద రంగు పక్షుల పాలును గమనిస్తే ఇటీవలి సంవత్సరాలలో సంతానం ఎంతవరకు నిలిచినదో కొంత ఊహించవచ్చును.

ఇవి కాక నల్లరెక్కల స్టిల్ట్, ఎవోసెట్, రెడ్‌షాంక్, బూడిద కొంగ, నీటికాకులు, బొల్లికోళ్ళు, కాస్పియన్ టెర్న్, గల్-బిల్డ్ టెర్న్, వేటపక్షులలో తెల్లపొట్ట సముద్రపు గ్రద్ద, ఆస్ప్రే, మార్ష్ హారియర్ కూడా కనిపిస్తాయి.

నేలపట్టు గూళ్ళు

నేలపట్టు చెరువులో నీటి నడుమ పెరిగే కడప చెట్లపై (బారింగ్టోనియా అక్యుటాంగ్యులా) పక్షులు గూళ్ళు కడతాయి. ఈ చెట్టు మొదలు నెలల తరబడి నీటిలో మునిగి ఉన్నా బ్రతుకుతుంది. చుట్టూ నీరు ఉన్నంతకాలం నేలపై తిరిగే జంతువులు గూళ్ళను చేరలేవు. చెరువు త్వరగా ఎండిపోతే ఈ రక్షణ పోతుంది.

గూడబాతు అన్న పేరులోని "గూడ" అన్న మాటకు పొలానికి నీరు తోడే బుట్ట అని అర్థం. పక్షి ముక్కు క్రింద వ్రేలాడే పెద్ద సంచి నీటితో సహా చేపలను తోడుకొనడానికి ఉపయోగపడుతుంది. నీటిని వెలుపలికి వంపి, చేపలను మ్రింగుతుంది. పిల్లలు తల్లిదండ్రుల గొంతులోనికి తల దూర్చి ఆహారం తీసుకొంటాయి. నేలపట్టులోని పెద్ద పక్షులు పిల్లల మేత కోసం పులికాట్ సరస్సుకు వెళ్ళి వస్తుంటాయి. అందువలన పులికాట్‌లో చేపలు తగ్గితే, చెరువు నిండుగా ఉన్నప్పటికీ నేలపట్టు గూళ్ళకు ఇబ్బంది కలుగుతుంది. ఈ రెండు స్థలాలను వేర్వేరుగా కాక ఒకే వ్యవస్థగా చూడవలసి ఉన్నది.

గూళ్ళ క్రింద పడే పక్షుల రెట్ట చెరువు నీటిలో కలసి ఎరువుగా పనిచేస్తుంది. ఆ నీరు పారిన పొలాలు బాగా పండుతాయని రైతులు భావిస్తారు. పక్షులను గ్రామస్థులు కాపాడుతూ వచ్చినందుకు ఇది ఒక కారణం.

చరిత్ర

ఈ ప్రాంతపు పక్షుల శాస్త్రీయ పరిశీలనకు 19వ శతాబ్దంలోనే పునాది పడింది. ఈస్ట్ ఇండియా కంపెనీ వైద్యుడైన థామస్ జెర్డన్ కొంతకాలం నెల్లూరులో పనిచేశాడు. 1862-64 మధ్య వెలువడిన ఆయన గ్రంథం 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో అనేక పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇవ్వబడ్డాయి. ఆ కాలంలో పక్షిని కాల్చి, చర్మాన్ని భద్రపరచి గుర్తించడమే పద్ధతి. చంపకుండా చూచి గుర్తించే వీక్షణ భారతదేశంలో వ్యాప్తి చెందడానికి 1941లో వెలువడిన సలీం అలీ రచన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' ఎంతో తోడ్పడింది.

2001 నుండి సూళ్ళూరుపేట కేంద్రంగా ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. మధ్యలో కొన్ని సంవత్సరాలు ఇది జరగలేదు. 2020 తరువాత మరల 2025 జనవరిలో మూడు రోజులపాటు జరిగింది. ఈ పండుగ వలన ఈ పక్షులు రాష్ట్రమంతటా పరిచయమయ్యాయి. అయితే పండుగ రోజులలో జనసమ్మర్దం ఎక్కువ కనుక, పక్షులను శ్రద్ధగా పరిశీలించదలచినవారు సాధారణంగా వేరే రోజులను ఎంచుకొంటారు.

వీక్షణ స్థలాలు

సూళ్ళూరుపేట - శ్రీహరికోట రహదారి: ఈ రోడ్డు సరస్సును అడ్డంగా దాటి పోతుంది. రోడ్డుకు రెండు వైపులా ఫ్లెమింగోలు, ఉల్లంకులు, టెర్న్‌లు కనిపిస్తాయి. రోడ్డు తూర్పు పడమరలుగా సాగుతున్నది. శీతాకాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కనుక ఉత్తరపు వైపు చూస్తే పక్షిపై వెలుతురు చక్కగా పడి రంగులు తెలుస్తాయి. దక్షిణపు వైపు పక్షులు నల్లని నీడలుగా కనబడతాయి. మార్గమధ్యంలో అటకానితిప్ప వద్ద అటవీశాఖ వారి సమాచార కేంద్రం ఉన్నది. అంతరిక్ష కేంద్రం ఆవరణలోనికి అనుమతి లేనిదే ప్రవేశం లేదు.

నేలపట్టు: చెరువుగట్టు మీద నుండి, అక్కడి వీక్షణ గోపురం నుండి గూళ్ళను చూడవచ్చును. చెరువు చుట్టూ ఉన్న చిట్టడవిలో చిన్నపిట్టలు కూడా ఉంటాయి.

భీములవారిపాళెం: తడ సమీపంలోని ఈ గ్రామం వద్ద సరస్సులో పడవ ప్రయాణానికి వీలున్నది. పడవలను పక్షుల గుంపులకు దూరంగా నడపడం అవసరం.

వీక్షణ పద్ధతి

సూర్యోదయం నుండి సుమారు తొమ్మిది గంటల వరకు, తిరిగి సాయంకాలం నాలుగు గంటల నుండి చీకటిపడే వరకు అనుకూలమైన సమయాలు. మధ్యాహ్నం వేడికి నీటిపై గాలి అలలాడుతుండడం వలన దూరపు పక్షి వివరాలు తెలియవు. నేలపట్టులో 8×42 వంటి బైనాక్యులర్లు సరిపోతాయి. పులికాట్‌లో పక్షులు చాలా దూరాన ఉంటాయి కనుక మూడుకాళ్ళ స్టాండు మీద నిలిపే టెలిస్కోపు ఉంటే మంచిది.

ఉల్లంకులను గుర్తించడం క్రొత్తవారికి కష్టం. వేసవిలో ఉండే రంగులు పోయి, శీతాకాలంలో ఇవి ఇంచుమించు అన్నీ బూడిద, తెలుపు రంగులలో ఉంటాయి. కనుక రంగుకంటె ముక్కు ఆకారాన్ని, కాళ్ళ రంగును, మేసే తీరును గమనించాలి.

* ఎవోసెట్ ముక్కు పైకి వంగి ఉంటుంది. దానిని నీటిలో అటూ ఇటూ ఊపుతూ మేస్తుంది.
* కర్లూ శాండ్‌పైపర్ ముక్కు కొద్దిగా క్రిందికి వంగి ఉంటుంది.
* లిటిల్ స్టింట్ పిచ్చుకంత పక్షి. త్వరత్వరగా పరుగెత్తుతూ బురద పైభాగాన్ని పొడుస్తుంది.
* నల్లతోక గాడ్విట్ ముక్కు పొడవైనది, తిన్ననిది. ఎగిరినపుడు రెక్కలపై తెల్లని పట్టె, నల్లని తోక కొస కనిపిస్తాయి.
* రెడ్‌షాంక్ కాళ్ళు ఎర్రగా ఉంటాయి. ఎగిరినపుడు రెక్కల వెనుక అంచు తెల్లగా కనిపిస్తుంది.

ముక్కుల పొడవులో ఉన్న ఈ తేడాల వలననే అనేక జాతులు ఒకే బురదలో వేర్వేరు లోతులలోని పురుగులను, నత్తలను తింటూ కలసి జీవించగలుగుతున్నాయి.

పాటించవలసిన జాగ్రత్తలు

పక్షి తల పైకెత్తి చూడడం, మేత మానడం, నడిచి దూరంగా జరగడం అనేవి అది బెదిరినదనడానికి గుర్తులు. ఈ గుర్తులు కనిపించినపుడు చూచేవారు ఆగి వెనుకకు తగ్గాలి. ఫ్లెమింగో ఎగరడానికి ముందు నీటిపై కొంతదూరం పరుగెత్తవలసి ఉంటుంది. ఫోటోల కోసం గుంపును మాటిమాటికి లేపితే మేతకాలమూ, శక్తీ రెండూ నష్టపోతాయి. దూర వలస పక్షులు తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఇక్కడి మేతతోనే కూడబెట్టుకోవాలి.

నేలపట్టులో ప్రమాదం మరొక విధమైనది. బెదిరి తల్లిపక్షి గూడు విడిస్తే గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఎండకు గురియౌతాయి, కాకులు, గ్రద్దలు వాటిని తన్నుకుపోతాయి. అందువలన గట్టుమీద కేకలు వేయడం, టపాకాయలు కాల్చడం, డ్రోన్లు ఎగురవేయడం తగదు. సరస్సు బురదలోనికి దిగడం పక్షులకే గాక మనుషులకు కూడా ప్రమాదకరం. పైకి గట్టిగా కనిపించే నేల కాలు మోపగానే దిగబడుతుంది.

పక్షుల గణన

1987లో ప్రారంభమైన ఆసియా నీటిపక్షుల గణన ప్రతి సంవత్సరం జనవరి మాసంలో జరుగుతుంది. వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్ సంస్థ దీనిని నిర్వహిస్తుండగా, భారతదేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఇందులో ముఖ్యపాత్ర వహిస్తున్నది. ఇందులో పాల్గొనేవారు ఎక్కువగా స్వచ్ఛంద వీక్షకులే. ఒకే ఋతువులో అనేక దేశాలలో లెక్కించడం వలన పక్షుల సంఖ్యను సంవత్సరానికి సంవత్సరం పోల్చడానికి వీలౌతుంది. 2015 నుండి తమిళనాడులో సంక్రాంతి సెలవులలో పొంగల్ పక్షుల గణన కూడా జరుగుతున్నది.

పెద్ద గుంపును ఒక్కొక్క పక్షిగా లెక్కించడం సాధ్యం కాదు. మొదట పది లేక నూరు పక్షులను లెక్కించి, అవి ఆక్రమించిన స్థలం ఎంతో గుర్తించి, మొత్తం గుంపులో అటువంటి భాగాలు ఎన్ని ఉన్నవో చూస్తారు. ఇద్దరు వేర్వేరుగా లెక్కించి సరిచూచుకొంటే పొరపాటు తగ్గుతుంది. తేదీ, సమయం, స్థలం, నీటి స్థితి కూడా వ్రాయాలి. పక్షులు కనిపించని రోజును కూడా నమోదు చేయడం చాలా ముఖ్యం. నిండుగా ఉన్న రోజుల లెక్కలే మిగిలితే, సరస్సులో పక్షులు ఎన్నడూ తగ్గలేదన్న తప్పుడు అభిప్రాయం కలుగుతుంది.

ఇటువంటి నమోదుల విలువ దేశస్థాయిలో కూడా ఋజువైనది. 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదికలో 942 జాతుల స్థితిని అంచనా వేశారు. దానికి ఆధారం సుమారు 30,000 మంది వీక్షకులు నమోదు చేసిన మూడు కోట్ల పైచిలుకు పరిశీలనలు. తీరప్రాంత పక్షులు, బాతులు తగ్గుముఖం పట్టిన వర్గాలలో ఉన్నాయని ఆ నివేదిక తెలిపింది.

సమస్యలు

సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడం సరస్సుకు ప్రధాన సమస్య. ద్వారం మూసుకుపోతే సముద్రపు నీరు, దానితో వచ్చే చేపపిల్లలు, రొయ్యపిల్లలు లోనికి రావడం తగ్గుతుంది. సరస్సు త్వరగా ఎండుతుంది. దీనివలన పక్షులే గాక, చేపలు, రొయ్యలు, పీతలు పట్టి జీవించే మత్స్యకార కుటుంబాలు కూడా నష్టపోతాయి. పూడిక తీయించాలని మత్స్యకారులు చాలాకాలంగా కోరుతున్నారు. ఈ విషయంలో జాలరుల అవసరమూ, పక్షుల అవసరమూ ఒకటే. అయితే పూడిక ఎక్కడ, ఎంత లోతున తీయాలన్నది ఆలోచించవలసిన విషయం. సరస్సు అంతటా లోతు పెరిగితే కాళ్ళతో నడచి మేసే పక్షులకు చోటు మిగలదు. ముఖద్వారంలో నీటి రాకపోకలను బాగుచేస్తూనే పల్లపు బురదనేలలను అట్లే ఉంచడం అవసరం.

నదులపై, చెరువులపై నీటి వాడకం పెరిగి సరస్సుకు చేరే మంచినీరు తగ్గడం, పరిసరాలలోని రొయ్యల చెరువుల నుండి వచ్చే వ్యర్థజలం, పరిశ్రమల కాలుష్యం ఇతర సమస్యలు. వీటి ప్రభావం ఎంతో చెప్పడానికి నీటి పరీక్షలతోపాటు అనేక సంవత్సరాల పక్షుల లెక్కలు కావాలి.

రవాణా సౌకర్యాలు

సూళ్ళూరుపేట 16వ నంబరు జాతీయ రహదారిపైన, గూడూరు - చెన్నై రైలుమార్గంపైన ఉన్నది. చెన్నై, నెల్లూరు, తిరుపతి నుండి బస్సులు ఉన్నాయి. నేలపట్టు ఇదే రహదారికి కొద్ది దూరంలో, దొరవారిసత్రం మండలంలో ఉన్నది. వసతికి సూళ్ళూరుపేట అనుకూలం. ఉదయం నేలపట్టు, సాయంకాలం శ్రీహరికోట రోడ్డు చూచేటట్లు ఏర్పాటు చేసుకొంటే ఒక రోజు సరిపోతుంది. రాకెట్ ప్రయోగాల సమయంలో శ్రీహరికోట దారిలో ఆంక్షలు ఉండవచ్చును కనుక ముందుగా తెలుసుకొనడం మంచిది.

ఇవి కూడా చూడండి

* పులికాట్ సరస్సు
* నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం
* కొల్లేరు సరస్సు
* కోరింగ వన్యప్రాణి అభయారణ్యం
* తేలినీలాపురం
* ఉప్పలపాడు
* సలీం అలీ